వ్యాక్సిన్ లేని గుర్రానికి జ్వరం: హెండ్రా అనుమానం వస్తే మీ క్లినిక్‌లో ఏం చేస్తారు?

తిరుపతి_టు_టూవూంబా:

అందరికీ నమస్కారం. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుకుని, ఇక్కడి పరీక్షలు రాసి, పోయిన ఏడాది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో టూవూంబా దగ్గర ఒక చిన్న ప్రాక్టీస్‌లో చేరాను. డాక్టర్లం ముగ్గురం, నర్సులు ఇద్దరు, కుక్కల నుంచి గుర్రాల దాకా అన్నీ చూస్తాం. ఈ గ్రూపులో గుర్రాల డాక్టర్లు, నర్సులు ఉన్నారని తెలిసి అడుగుతున్నాను, కాస్త పొడుగ్గా రాస్తే ఏమీ అనుకోకండి.

పోయిన శనివారం పొద్దున ఆరున్నరకి ఫోన్ వచ్చింది. తొమ్మిదేళ్ళ గుర్రం, రాత్రి నుంచి దాణా ముట్టలేదు, వణుకుతోంది, కడుపునొప్పేమో త్వరగా రండి అన్నారు. కోలిక్ అనుకునే బయల్దేరాను. గేటు దగ్గర దిగి, హెండ్రా (పళ్ళు తినే గబ్బిలాల నుంచి గుర్రాలకి, గుర్రాల నుంచి మనుషులకి సోకి ప్రాణం తీసే వైరస్) వ్యాక్సిన్ వేయించారా అని గుర్రం ఓనరావిడని అడిగితే లేదన్నారు. జ్వరం చూశారా అంటే ఆవిడే పొద్దున చూశారట, 39.8 డిగ్రీల సెల్సియస్. కంచె ఇవతల నుంచి చూస్తే గుర్రం ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ ఒక్క నిమిషం కుదురుగా నిలబడలేకపోతోంది. దాని వెనకాల కాయలతో నిండిన పెద్ద అత్తి చెట్టు, ఆ చెట్టు కిందే నీళ్ళ తొట్టి. ఇక లోపలికి అడుగు పెట్టలేదు.

కారు డిక్కీలో పీపీఈ సంచీ, అంటే వైరస్ అంటకుండా వేసుకునే దుస్తులు, మాస్కులు, గ్లౌజుల సంచీ ఉందన్న ధైర్యం మాత్రం ఉంది. తెరిచి చూశాను. ఓవరాల్ ఒకటే ఉంది, అదీ మా బాస్ కొలత, నాకు వేసుకుంటే కాళ్ళకి చుట్టుకుని పడిపోవడం ఖాయం. పీ2 మాస్కులు రెండు, ఒకదాని ఎలాస్టిక్ లాగితే తెగిపోయింది. ఫేస్ షీల్డ్ లేదు. వాడినవి వేసుకోవడానికి సంచులు లేవు, డిసిన్ఫెక్టెంట్ లేదు. వెనక్కి వెళ్ళి అన్నీ సర్దుకుని, ఇంకో డాక్టర్‌ని వెంటబెట్టుకుని రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ మధ్యలో ఆవిడ నాతో అన్న మాట, "అది చచ్చిపోతుంటే నువ్వు నీ ప్రాణం చూసుకుంటున్నావు" అని. ఇప్పటికీ చెవుల్లోంచి పోవడం లేదు.

తిరిగొచ్చాక శాంపిల్స్ తీశాం, పీపీఈతోనే నొప్పికి సూది వేశాం, సోమవారం సాయంత్రం నెగటివ్ అని రిపోర్ట్ వచ్చింది. గుర్రం కోలుకుంది. కానీ ఆ రెండు రోజులూ నాకు సరిగ్గా నిద్ర లేదు. మా క్లినిక్‌లో ఫైల్ అయితే ఉంది, గోడకి చార్ట్ కూడా ఉంది, సంచీ సర్దే బాధ్యత మాత్రం ఎవరిదీ కాదు. మీ దగ్గర నిజంగా ఎలా చేస్తారు? ఫోన్‌లో ఏం అడుగుతారు, వ్యాక్సిన్ లేని గుర్రాల్ని అసలు చూస్తారా, ఓనర్‌కి ఎలా చెప్తారు? నేను ఆగడం తప్పా?

ఈక్వైన్_అన్న:

చెల్లెమ్మా, ముందు ఆఖరి ప్రశ్నకి జవాబు. నువ్వు ఆగడం తప్పు కాదు. ఆ పొద్దున నువ్వు చేసిన వాటిల్లో అన్నిటికంటే సరైన పని అదే. పద్నాలుగేళ్ళుగా ఇక్కడ గుర్రాలే చూస్తున్నాను, ఆ గేటు దగ్గర ఆగలేని వాళ్ళని చూశాను కాబట్టి చెప్తున్నాను.

కొత్తవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్తాను. 1994 సెప్టెంబర్‌లో బ్రిస్బేన్‌లోని హెండ్రా అనే పేటలో రేసు గుర్రాల ట్రైనర్ విక్ రెయిల్ దగ్గర గుర్రాలు వరసగా చచ్చిపోయాయి. జబ్బుపడ్డ గుర్రానికి దగ్గరుండి సేవ చేసిన ఆయన కూడా పోయాడు. ఆ పేట పేరే వైరస్‌కి వచ్చింది. అంతకు నెల ముందే మకాయ్‌లో రెండు గుర్రాలు పోతే, వెటర్నరీ డాక్టరైన భార్యకి పోస్ట్‌మార్టంలో సాయం పట్టిన రైతుకి జబ్బు చేసి తగ్గింది, అంతా అయిపోయిందనుకున్నారు, ఏడాది దాటాక 1995లో మెదడువాపుతో చనిపోయాడు. ఆ తర్వాత 2008లో రెడ్‌ల్యాండ్స్‌లో బెన్ కనీన్ అనే యువ డాక్టర్, 2009లో రాక్‌హాంప్టన్ దగ్గర ఎలిస్టర్ రాడ్జర్స్ అనే డాక్టర్ పోయారు. మొత్తం ఏడుగురికి సోకితే నలుగురు పోయారు, ఆ నలుగురిలో ఇద్దరు మనలాగే గుర్రాలకి వైద్యం చేసేవాళ్ళు. అందరికీ గుర్రం నుంచే సోకింది. గబ్బిలం నుంచి నేరుగా మనిషికి రాలేదు, మనిషి నుంచి మనిషికీ రాలేదు.

2008 సంగతి దగ్గర కాస్త ఆగు. అక్కడ ముక్కు నుంచి నురుగు కారే గుర్రాలు కావు అవి. తూలడం, తల ఒకవైపు వాల్చడం లాంటి నరాల లక్షణాలు. అందుకే వెంటనే హెండ్రా అని ఎవరికీ తట్టలేదు. పైగా ఆ డాక్టర్, సోకి బతికి బయటపడ్డ నర్సు, ఇద్దరూ ఒక గుర్రానికి రోజూ ముక్కు లోపల కడిగేవాళ్ళు. ఆ రోజుల్లో ఆ గుర్రానికి ఇంకా జబ్బు లక్షణాలే లేవు. అంటే చూడ్డానికి మామూలుగా ఉన్న గుర్రం ముక్కులోనే వైరస్ ఉంది. ఇది చదివిన రోజు నుంచి ముక్కులోకి గొట్టం దించే పని ఏదైనా సరే, ఎండోస్కోప్ గానీ స్టమక్ ట్యూబ్ గానీ, వ్యాక్సిన్ లేని గుర్రమైతే పూర్తి పీపీఈ లేకుండా నేను చేయను. గుర్రం పళ్ళు ఆకురాయితో అరగదీయడం కూడా అంతే. జబ్బు గుర్రం వస్తే జాగ్రత్త పడదాం అనుకుంటే సరిపోదు, మామూలు రోజు చేసే మామూలు పనిలోనే జాగ్రత్త ఉండాలి.

ఇక ఫోన్. మా దగ్గర ఫోన్ ఎత్తే అమ్మాయి అడిగే మొదటి ప్రశ్న గుర్రానికి ఏమైంది అని కాదు, మైక్రోచిప్ నంబర్ చెప్పండి అని. ఇక్కడ వ్యాక్సిన్ వేసిన ప్రతి గుర్రం వివరం చిప్ నంబర్ మీద ఎక్కుతుంది కాబట్టి ఓనర్ మాట మీద ఆధారపడే పని లేదు, బూస్టర్ తేదీ దాటిపోయిందా అన్నది కూడా తెలిసిపోతుంది. వ్యాక్సిన్ లేదు, పైగా జ్వరం, లేదా తూలు, లేదా ఉన్నట్టుండి దిగజారడం, లేదా ఇంకో గుర్రం ఇటీవలే చనిపోయింది అంటే, డాక్టర్ బయల్దేరకముందే ఓనర్‌కి చెప్పేస్తుంది. మీరు ఇక గుర్రం దగ్గరకి వెళ్ళొద్దు, పిల్లల్ని, కుక్కల్ని దూరంగా ఉంచండి, మిగతా గుర్రాల్ని వేరే పాడక్‌లోకి, అంటే కంచె వేసిన ఇంకో మేత స్థలంలోకి తోలగలిగితే జబ్బు గుర్రాన్ని ముట్టుకోకుండా తోలండి, నీళ్ళు కంచె ఇవతల నుంచి పైపుతో పట్టండి అని. కుక్కల్ని ఎందుకంటే, 2011లో క్వీన్స్‌ల్యాండ్, న్యూ సౌత్ వేల్స్ కలిపి 18 చోట్ల హెండ్రా బయటపడ్డ సంవత్సరం, మౌంట్ ఆల్ఫర్డ్‌లో ఒక పెంపుడు కుక్కకి కూడా సోకినట్టు తేలింది.

నీకు ఆవిడ గేటు దగ్గర ఆ మాట అనడానికి కారణం, ఆగాల్సి వస్తుందన్న సంగతి ఆవిడకి మొదటిసారి తెలిసింది అక్కడే. అదే ఫోన్‌లో ముందే తెలిసుంటే ఏడ్చేదేమో గానీ నిన్ను అనేది కాదు.

నర్సమ్మ_సన్‌షైన్‌కోస్ట్:

అన్న చెప్పింది అక్షరాలా నిజం. నేను వెటర్నరీ నర్సుని, మాది విజయవాడ. సంచీ గురించి నేను చెప్తాను, ఎందుకంటే ఏ క్లినిక్‌లోనైనా సంచీ మా నర్సులే సర్దేది.

మా దగ్గర ఒక్క సంచీ ఉండదు. మనిషికో మూత డబ్బా. మూత మీద పేరు, లోపల వాళ్ళ కొలత ఓవరాల్ రెండు, వాళ్ళ ముఖానికి అమిరిన మాస్కే, లోపల పలచటి గ్లౌజులు, పైన పొడుగు గ్లౌజులు, కళ్ళద్దాలు, ఫేస్ షీల్డ్, కడగడానికి వీలయ్యే గమ్ బూట్లు. మాస్కు అమరడం అంటే ఊరికే పెట్టుకోవడం కాదు, ముఖానికి అంచులన్నీ అతుక్కున్నాయో లేదో పరీక్ష చేయిస్తారు, గడ్డం ఉన్న డాక్టర్లకి అతుక్కోదు కాబట్టి మా దగ్గర ఇద్దరు గడ్డం తీసేశారు. డబ్బాకి సీలు ఉంటుంది. సీలు తెగి ఉంటే ఎవరో వాడారని, నిండలేదని అర్థం. ప్రతి నెల మొదటి సోమవారం నేను తెరిచి ఎలాస్టిక్‌లు లాగి చూస్తాను. కారు డిక్కీ ఎండకి రబ్బరు ఎంత త్వరగా పాడవుతుందో నీ మాస్కే చెప్పింది కదా.

శాంపిల్ సామాను ఇంకో డబ్బా. రక్తం గడ్డకట్టకుండా ఉంచే ఈడీటీఏ ట్యూబులు, స్వాబ్‌లు, లేబుళ్ళు ముందే రాసి పెట్టినవి, మూడు పొరల ప్యాకింగ్. లేబుల్ మీద పేరు రాయడం గ్లౌజులు వేసుకున్నాక అయ్యే పని కాదు.

కానీ తల్లీ, వేసుకోవడం ఎవరైనా నేర్చుకుంటారు. తీసేటప్పుడే ప్రమాదం. చెమటతో అద్దాలు మసకబారి, వొళ్ళంతా ఉడికిపోతూ, ఎప్పుడు పీకేద్దామా అని ఉంటుంది, సరిగ్గా అప్పుడే చెయ్యి ముఖం మీదకి పోతుంది. అందుకే మేము ఇద్దరం వెళ్తాం. ఒకరు గుర్రం దగ్గర, ఇంకొకరు శుభ్రంగా బయట నిలబడి ఒక్కొక్కటీ పైకి చదువుతారు. బూట్లు కడుగు, పై గ్లౌజులు తియ్యి, చేతులు కడుగు, షీల్డ్ వెనక నుంచి తియ్యి, ఓవరాల్ లోపలిది బయటికి వచ్చేలా చుట్టు, చివరికి మాస్కు, మళ్ళీ చేతులు. చదివే మనిషి చెప్పనిదే ముందుకు పోకూడదు. డాక్టరైనా సరే, బాస్ అయినా సరే.

ఇది ప్రాక్టీస్ చేయడానికి మేము ఏం చేస్తామంటే, చిక్కగా పసుపు నీళ్ళు కలిపి వేసుకున్న గ్లౌజుల మీద, ఓవరాల్ ముందు భాగం మీద చల్లుతాం. తర్వాత అంతా విప్పి అద్దం ముందు నిలబడాలి. ఎక్కడ పచ్చగా ఉంటే అక్కడ వైరస్ అంటుకున్నట్టు. మొదటిసారి నాకు గడ్డం కింద, మణికట్టు మీద పడింది. ఆ పచ్చ మరక చూసుకున్నాక ఇంక ఏ చార్టూ అక్కర్లేదు. మా తెల్లవాళ్ళకి ఈ పసుపు ఐడియా ఇచ్చింది నేనే, ఇప్పుడు మా ప్రాక్టీస్‌లో అందరూ చేస్తున్నారు.

రెండు_గుర్రాల_ఇల్లు:

నేను డాక్టర్ని కాదు, ఇప్స్‌విచ్ దగ్గర ఉంటాం, మా అమ్మాయి కోసం రెండు గుర్రాలు పెట్టుకున్నాం. ఓనర్ వైపు నుంచి ఒక మాట చెప్పాలనిపించింది.

మూడేళ్ళ క్రితం మా డాక్టర్‌గారి క్లినిక్ నుంచి ఉత్తరం వచ్చింది, వ్యాక్సిన్ లేని గుర్రాల్ని ఇక చూడం అని. నాకు చాలా కోపం వచ్చింది. బలవంతంగా సూది అమ్ముకుంటున్నారు అనుకున్నాను. మా ఆవిడ ఫోన్ చేసి గట్టిగానే అడిగింది. అప్పుడు ఆ డాక్టర్‌గారే మాట్లాడారు. "అమ్మా, నాకు ఇద్దరు పిల్లలు. నా దగ్గర పనిచేసే నర్సుకి ఇరవై మూడేళ్ళు. ఆ అమ్మాయికి ఏమన్నా అయితే చట్టం నన్ను అడుగుతుంది, అది పక్కన పెట్టండి, వాళ్ళ అమ్మకి నేనేం చెప్పుకోవాలి" అన్నారు. తర్వాతి వారమే రెండింటికీ వేయించాం. మూడు వారాల తేడాతో రెండు డోసులు, ఆరు నెలలకి ఒకటి, ఇప్పుడు ఏడాదికోసారి. మొదటి సూదికి ఒక గుర్రం మెడ మీద వాచి రెండు రోజుల్లో తగ్గింది, అంతే.

తొట్టి విషయం కూడా మాకు ఎవరూ చెప్పలేదు. మా నీళ్ళ తొట్టీ చెట్టు కిందే ఉండేది, నీడకి బాగుంటుందని. పళ్ళు తినే పెద్ద గబ్బిలాలు రాత్రిళ్ళు ఆ చెట్టు మీద వాలి పళ్ళు తింటాయి, వాటి ఉచ్చ గడ్డి మీద, నీళ్ళలో పడుతుంది, గుర్రం తింటుంది, అలాగే సోకుతుందని ఆ రోజు డాక్టర్‌గారు వచ్చి చూపిస్తే అర్థమైంది. ఇప్పుడు తొట్టి రేకు కప్పు కిందకి మార్చాం, చెట్టు పళ్ళకొచ్చినప్పుడు చుట్టూ తాత్కాలిక కంచె కడతాం. మీ క్లినిక్‌లో వ్యాక్సిన్ వేసేందుకు వచ్చినప్పుడే ఓనర్‌ని వెంటబెట్టుకుని పాడక్ అంతా ఒకసారి తిరగండి. పావుగంట పని.

పాత_పశువైద్యుడు_గుంటూరు:

హెండ్రా మన దేశంలో లేదు. కానీ అమ్మాయి రాసింది చదువుతుంటే నా ఉద్యోగం రోజులు కళ్ళ ముందు తిరిగాయి. పెళ్ళి ఊరేగింపుల గుర్రం, నోట్లోంచి చొంగ కారుతోంది, మేత మింగలేకపోతోంది, గొంతులో ఏదో అడ్డుపడింది చూడండి సార్ అని తీసుకొచ్చారు. 1990ల నాటి మాట. గ్లౌజులు అడిగితే స్టోర్‌లో లేవన్నారు. మోచేతి దాకా నోట్లో పెట్టి చూశాను. ఏమీ దొరకలేదు. మూడో రోజు అది తన కాలు తానే కొరుక్కుని చచ్చిపోయింది. రేబిస్. నేను, పట్టుకున్న అటెండర్, గుర్రం యజమాని, వాళ్ళబ్బాయి, నలుగురం సూదులు వేయించుకున్నాం. దేవుడి దయ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఆ అబ్బాయికి పదేళ్ళు. వాడు ఆ మూడు రోజులూ గుర్రం మూతి తుడుస్తూ కూర్చున్నాడు.

అందుకని మన దగ్గర చదువుకునే పిల్లలు ఇది ఆస్ట్రేలియా గొడవ అనుకోవద్దు. మనకి రేబిస్ ఉంది, గుర్రాల నుంచి మనుషులకి సోకే గ్లాండర్స్ అనే బాక్టీరియా జబ్బు ఉంది. గ్లాండర్స్‌కి వ్యాక్సినే లేదు. ముక్కు నుంచి చిక్కటి చీము, చర్మం కింద వరసగా గడ్డలు కట్టి పగలడం కనిపిస్తే ముట్టుకోకముందే ఆగాలి. రక్తం తీసి పంపితే హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దాకా వెళ్ళి నిర్ధారణ అవుతుంది, పాజిటివ్ వస్తే 2009 నాటి చట్టం ప్రకారం గుర్రాన్ని చంపేయాలి, యజమానికి పరిహారం ఇవ్వాలి. గుర్రబ్బండి మీద, ఇటుక బట్టీలో గాడిదల మీద బతికేవాడికి ఆ మాట చెప్పడం ఎంత కష్టమో చెప్పినవాడికే తెలుసు. వాడు దాచేస్తాడు, రాత్రికి రాత్రే పక్క జిల్లాకి తోలేస్తాడు. పరిహారం ఎంత, ఎన్నాళ్ళకి చేతికొస్తుంది అన్నది ముందే కాగితం మీద రాసి చూపిస్తేనే వాడు మన మాట వింటాడు. అక్కడ మీ ఓనర్‌కైనా ఇక్కడ మా బండివాడికైనా, భయం ఒకటే.

పశువైద్యంలో చేరిన ప్రతి పిల్లా పిల్లాడూ రేబిస్ ముందస్తు టీకా వేయించుకున్నాకే పశువు మీద చెయ్యి వేయాలి. ఇది మాత్రం ఎవరు ఏమన్నా వదలొద్దు.

తిరుపతి_టు_టూవూంబా:

సార్, ఆ పదేళ్ళ బాబు సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అందరికీ చాలా థ్యాంక్స్.

అన్నా, ఇంకొక్కటి అడగాలి. ఒకవేళ ఆ రిపోర్ట్ పాజిటివ్ వచ్చి ఉంటే? నేను ముట్టుకోలేదు సరే, ఆవిడ పొద్దున థర్మామీటర్ పెట్టింది, ముందు రోజు రాత్రి ముక్కు తుడిచిందట. ఆవిడ పరిస్థితి ఏంటి?

ఈక్వైన్_అన్న:

పాజిటివ్ వస్తే మనం ఒక్కళ్ళమే మోయాల్సిన పని కాదది. గుర్రం సంగతి బయోసెక్యూరిటీ వాళ్ళు (పశువుల జబ్బుల్ని కట్టడి చేసే ప్రభుత్వ విభాగం) చూస్తారు, ఆ పొలం మూసేస్తారు, మనుషుల్ని పబ్లిక్ హెల్త్ వాళ్ళు చూస్తారు. వాళ్ళకి మననుంచి కావాల్సింది ఒక్కటే, జాబితా. గుర్రాన్ని ఎవరెవరు, ఏ తేదీన, ఎలా ముట్టుకున్నారు, ముఖం దగ్గరా కాళ్ళ దగ్గరా, చేతి మీద గాయం ఉందా. నువ్వు శాంపిల్ తీసిన రోజే, రిపోర్ట్ కోసం ఆగకుండా, ఓనర్‌ని కూర్చోబెట్టి ఆ జాబితా రాసేయాలి. రెండు రోజులు పోతే గుర్రం ముక్కు తుడిచిన చెల్లెలి కూతురు ఎవరికీ గుర్తుండదు. జబ్బు బయటపడే గడువు దాటేదాకా, మూడు వారాలు, వాళ్ళని గమనిస్తారు.

ముఖం మీద తుంపర్లు పడటం లాంటి ప్రమాదకరమైన సందర్భమైతే ఒక యాంటీబాడీ మందు ఉంది, ఎం102.4 అంటారు. 2010లో సన్‌షైన్ కోస్ట్‌లో ఒక తల్లీకూతుళ్ళకి ఇచ్చారు, వాళ్ళకి జబ్బు రాలేదు. ఇద్దరే కాబట్టి అది మందు వల్లేనని గట్టిగా చెప్పలేం. మనుషులకి వ్యాక్సిన్ అయితే లేదు. కాబట్టి ఆ మందు ఉంది కదా అని ధైర్యం తెచ్చుకునే మాట లేదు.

వ్యాక్సిన్ లేని గుర్రాల్ని చూడాలా వద్దా అన్నది మీ బాస్ తేల్చాలి. మా దగ్గర ఎమర్జెన్సీకి వెళ్తాం, పూర్తి పీపీఈతో, ఇద్దరం. ఒంటరిగా ఎవరినీ పంపం. కొన్ని క్లినిక్‌లు అసలు వెళ్ళవు, వాళ్ళని నేను తప్పుపట్టను. గుర్రాల ప్రాక్టీసే మానేసిన స్నేహితులు నాకు ఉన్నారు.

తిరుపతి_టు_టూవూంబా:

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. బాస్‌కి ఈ మాటలన్నీ చెప్పాను. మనిషికో డబ్బా వచ్చింది, నా కొలత ఓవరాల్ కూడా. సోమవారం తనిఖీ నర్సు, నేను మార్చి మార్చి చేస్తాం. ఫోన్ పక్కన చిప్ నంబర్, జ్వరం, వ్యాక్సిన్ తేదీ అడిగే కాగితం అతికించాం.

ఆ అత్తి చెట్టు ఆవిడ దగ్గరకి మొన్న మళ్ళీ వెళ్ళాను. మొదటి డోసు వేయించుకుంది. తొట్టి ఇంకా చెట్టు కిందే ఉంటే ఇద్దరం కలిసి షెడ్డు కిందకి జరిపాం, నీళ్ళు పారబోసి, రుద్ది కడిగి. ఆ రోజు అన్న మాట గురించి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వచ్చేటప్పుడు గేటు దాకా వచ్చింది.

నర్సమ్మ గారూ, గురువారం పసుపు నీళ్ళతో చేశాం. ముఖం, చేతులు అంతా శుభ్రం, బాగా వచ్చింది అనుకుంటుంటే మా నర్సు నా జుట్టు పక్కకి తీసి చూపించింది. ఎడమ చెవి వెనకాల, వేలి ముద్ర అంత పచ్చగా. షీల్డ్ పట్టీ తీసినప్పుడు అయ్యుంటుంది. వచ్చే గురువారం మళ్ళీ చేస్తున్నాం.